లావణి పట్టా ఆధారంగా తాతముత్తాతల ఊరు తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: దేవరకొండ ఆడపడుచు

అందరికీ నమస్కారం. మాది పాత నల్లగొండ జిల్లా దేవరకొండ తాలూకాలోని ఒక పల్లె. 1361 ఫసలీలో (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) ప్రభుత్వం మా తాతగారికి ఇచ్చిన లావణి పట్టా, అంటే సర్కారు భూమిని పంచి ఇచ్చిన పట్టా కాగితం ఒకటి మా ఇంటి ఇనుప పెట్టెలో ఉంది. నాయనమ్మ దానిని పసుపు గుడ్డలో చుట్టి దాచింది కాబట్టి మడతల దగ్గర చిరిగినా అక్షరాలు నిలిచాయి. నాలుగెకరాల పది గుంటల ఖుష్కి (మెట్ట) భూమి. కాగితమంతా ఉర్దూలో చేతిరాత. నా చిన్నతనంలో ఊరి పెద్ద ఒకాయన దానిని చదివి, తాత పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం చెప్పి, మిగిలినవన్నీ సర్కారు షరతులేనని అన్నారట. ఆ తరువాత దానిని ఎవరూ చదివించలేదు.

నేను అడుగుతున్నది భూమి హక్కు గురించి కాదు. ఆ భూమి మా పెదనాన్న, చిన్నాన్నల అనుభవంలో ఉంది, తగాదా ఏమీ లేదు. తాతగారి తండ్రి పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనను ఊరంతా పెద్దయ్య అనేవారట; ఆ పిలుపు ఒక్కటే మిగిలింది. డిండి ప్రాజెక్టు కడుతున్న రోజుల్లో మట్టిపనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయామని నాయనమ్మ చెప్పేది. ఏ ఊరి నుంచి అని అడిగితే "వాగు అవతలి నుంచి బిడ్డా" అనేది తప్ప పేరు చెప్పేది కాదు. ఇప్పుడు ఆమె లేదు. మేనత్తలలో ఒకరు అమ్రాబాద్ వైపు అంటారు, మరొకరు కల్వకుర్తి అంటారు.

భూమి లేని వారికి సర్కారు భూమి పంచినప్పుడు ఎవరికి ఇస్తున్నారో, ఎందుకు ఇస్తున్నారో ఎక్కడో ఒకచోట రాసుకొని ఉంటారు కదా. అటువంటి కాగితాల నుంచి కుటుంబ చరిత్రను వెనక్కి పట్టుకుంటూ పోవడం సాధ్యమేనా? సాధ్యమైతే ఏ రికార్డును ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి, అవి ఎక్కడ ఉంటాయి? తెలిసిన పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత గిర్దావరు

అమ్మా, మీ ప్రశ్న చదివి సంతోషించాను. నేను గిర్దావరుగా (రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా) ఉన్న కాలంలో పాత పహాణీ (ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో ఏటేటా రాసే గ్రామ రికార్డు) నకలు అడిగిన వారిలో నూటికి తొంభై తొమ్మిది మంది తగాదా కోసమే వచ్చారు. ముత్తాత పేరు కోసం వచ్చిన వారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. సాధ్యమేనని చెబుతాను, కానీ దారి తిన్నగా ఉండదు.

ముందుగా సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నిజాం రాజ్యంలో ఫసలీ ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి, 1361 ఫసలీ అంటే 1951 అక్టోబరు నుంచి 1952 వరకు. అంటే 1317 ఫసలీ నాటి హైదరాబాదు భూమి రెవెన్యూ చట్టం కింద 1950లో వచ్చిన లావణి నియమాల ప్రకారం మీ తాతగారికి పట్టా ఇచ్చి ఉంటారు. ఊరిలో ఖారిజ్ ఖాతాగానో (పట్టా తొలగిన భూమి) పరంపోకుగానో పడి ఉన్న సర్కారు భూమిని ఆ నియమాల ప్రకారం పంచేవారు.

చాలామంది సేత్వార్ దగ్గర మొదలుపెడతారు. సేత్వార్ అంటే సర్వే, బందోబస్తు అయిన తరువాత తయారైన మూల రిజిస్టరు. ప్రతి సర్వే నంబరుకు విస్తీర్ణం, ఖుష్కియో తరియో (మాగాణి), హాలీ సిక్కా (నిజాం నాణెం) రూపాయలలో శిస్తు ఎంతో, పట్టాదారు ఎవరో అందులో ఉంటుంది. భూమి ఉన్న కుటుంబాలకు అది మంచి మొదలు. కానీ మీ వంటి కుటుంబానికి అందులో ఏమీ దొరకదు, ఎందుకంటే అప్పటికి మీ వారి పేరున భూమే లేదు. ఆ నంబరు ఎదుట సర్కారీ అనే ఉంటుంది. భూమి లేని ఇంటి పేరు రెవెన్యూ దఫ్తరులోకి తొలిసారి ఎక్కేది పంపకం నాడే. కాబట్టి మీరు వెతకవలసినది పంపకం మిసిలు: అర్జీ, పట్వారీ నివేదిక, పంచనామా, తహసీలు ఉత్తర్వు ఒకచోట కుట్టిన కట్ట. అర్జీదారు ఎవరు, ఆయనకు వేరే భూమి ఉందా లేదా, ఊరిలో ఎన్నాళ్లుగా ఉంటున్నాడు అనే విచారణ అందులో ఉండే అవకాశం ఉంది.

ఆ మిసిలు దొరికితే అదృష్టమే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు దఫ్తరాలు ఒకచోటి నుంచి మరొక చోటికి మారాయి. 2016 అక్టోబరులో జిల్లాల విభజనతో మళ్లీ మారాయి. 1984 ఆరంభంలో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు పట్వారీల ఇళ్లలో ఉన్న కాగితాలు అన్నిచోట్లా పూర్తిగా చేతికి రాలేదు. అందువల్ల మిసిలు ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకుండా, దాని చుట్టూ ఉన్న రికార్డులను కూడా చూడాలి.

వాటిలో మొదటిది 1954-55 ఖాస్రా పహాణీ. తెలంగాణలో భూమి హక్కుల విషయంలో దానికున్నంత విలువ మరొక పహాణీకి లేదు. పట్టాదారు గడిని మాత్రమే చూసి ఆగిపోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. పట్టాదారు పేరు వేరు, నిజంగా సాగుచేస్తున్న కబ్జాదారు పేరు వేరు. కుటుంబ చరిత్ర రాసేవారికి రెండవదే ఎక్కువ పనికివస్తుంది. అలాగే శిక్మీదారు అనే మాట కనబడితే ఆగి చదవండి. పట్టా ఒకరి పేరున ఉన్నా, మొదటి నుంచి ఆయనతో కలిసి ఆ భూమిపై హక్కుగా ఉన్నవారిని 1317 ఫసలీ చట్టం శిక్మీదారు అంటుంది. ఇంటి పెద్దకొడుకు పట్టాదారుగా, తమ్ముళ్లు శిక్మీదారులుగా ఉన్న ఖాతాలు నేను ఎన్నో చూశాను. ఒక్క వరుసలోనే అన్నదమ్ములందరూ దొరుకుతారు. ఆసామీ శిక్మీ మాత్రం వేరు, అతను పట్టాదారు కింద కౌలుదారు. ఈ రెండు మాటలను కలిపేసి కౌలుదారును తాతగారి తమ్ముడిగా రాసుకున్నవారు ఉన్నారు.

తరువాత 1955 నుంచి 1958 వరకు ఉన్న చేసాల పహాణీ, ఆపైన ఏటేటా వచ్చిన పహాణీలు, వాటితోపాటు ఫైసల్ పట్టీ. ఆ ఏడాది ఖాతాలలో జరిగిన మార్పులు ఫైసల్ పట్టీలో ఉంటాయి. మీ తాతగారు పోయిన ఏడాది, దాని తరువాతి రెండు మూడేళ్ల ఫైసల్ పట్టీలో విరాసత్ (వారసత్వం) నమోదు ఉందేమో చూడండి. విరాసత్ విచారణలో వారసుల పేర్లు, వయసులు, పెళ్లయిన ఆడపిల్లలు ఉంటే వారి పేర్లు కూడా వాంగ్మూలంలో రావచ్చు.

పంచిన భూమికి ఒక ప్రత్యేకత ఉంది. 1958 జులై 25 నాటి 1406 నంబరు రెవెన్యూ ఉత్తర్వు తరువాత ఇచ్చిన అసైన్డ్ పట్టాలలో అమ్మకూడదన్న షరతు ఉంటుంది, 1977లో చట్టమే అటువంటి బదిలీలను నిషేధించింది. కాబట్టి అటువంటి భూమికి పట్టాదారు పేరు చట్టబద్ధంగా మారిందంటే సాధారణంగా అది వారసత్వమే. కొనుగోళ్లతో చేతులు మారిన భూమిలో నాలుగు కుటుంబాల పేర్లు కలగాపులగమవుతాయి. అసైన్డ్ భూమి పట్టాదారు గడిలో తండ్రి, కొడుకు, మనవడు వరుసగా వస్తారు. తెల్లకాగితం మీద అమ్ముకున్న చోట కబ్జా గడిలో వేరే పేరు వస్తుంది, అది వేరే కథ. మీ పట్టా 1958కి ముందుది కనుక అందులో రాసిన షరతేమిటో చదివించి తెలుసుకోవాలి.

ఇక నకళ్ల సంగతి. సర్వే నంబరు, గ్రామం, సంవత్సరం స్పష్టంగా రాసి తహసీల్దారు కార్యాలయంలో నకలుకు అర్జీ పెట్టండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. సేత్వార్, టిప్పన్ (సర్వే కొలతల పత్రం), గ్రామ నక్షా కావాలంటే జిల్లా సర్వే, భూమి రికార్డుల కార్యాలయానికి వెళ్లాలి. నిజాం కాలపు పాత దస్తావేజులకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఇప్పటి ప్రభుత్వ భూమి రికార్డుల పోర్టల్ భూ భారతిలో మీకు కావలసిన తరం దొరకదు.

సమాధానం: పాలమూరు బడిపంతులు

గిర్దావరు గారు చెప్పిన వరుస సరైనది. నేను నా సొంత కుటుంబం కోసం గద్వాల వైపు ఆరేళ్లు తిరిగాను కాబట్టి, దారిలో పడిన గుంటలు కొన్ని చెబుతాను.

మొదటిది ఊరి చిరునామా. ఒకప్పటి కాగితం మీద జిల్లా రాయచూరు అని చూసి, ఇది మాది కాదని నేను ఏడాదిపాటు పక్కన పెట్టాను. గద్వాల, అలంపూరు తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలోనే ఉండేవని, కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేదని తరువాత తెలిసింది. పైగా మా వైపు ఊళ్లన్నీ నేరుగా నిజాం సర్కారు కింద ఉన్న దీవానీ గ్రామాలు కావు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాల్‌పేట వంటి సంస్థానాలు ఉండేవి. మిగిలిన చోట్ల జాగీర్లు, మక్తాలు ఉండేవి. జాగీర్లు 1949 ఆగస్టులో రద్దయ్యాయి. దానికి ముందు ఆ ఊళ్ల లెక్కలు దీవానీ తహసీలులో ఉండాలని అనుకోకూడదు. కాబట్టి వెతికే ఊరు అప్పుడు ఎవరి ఇలాఖాలో ఉండేదో ముందు తేల్చుకోవాలి. తండాలు, శివారు పల్లెలు వేరే రెవెన్యూ గ్రామం పేరు మీద ఉంటాయన్నది మరువకండి. బేచిరాగ్ అని రాసిన గ్రామమైతే అక్కడ దీపం వెలిగే ఇల్లే ఉండదు, కానీ పహాణీ మాత్రం ఉంటుంది.

రెండవది పేర్లు. పాత పహాణీలలో ఇంటిపేరు తరచుగా ఉండదు. ఒకే ఊరిలో ఒకే పేరుతో, తండ్రి పేరు కూడా ఒకటిగానే ఉన్న ఇద్దరు నాకు ఎదురయ్యారు. పక్క సర్వే నంబర్లవారి పేర్లు కాగితం మీద వరుసగా రాసుకొని, ఎవరి చేను పక్కన ఎవరి చేను ఉందో ఊరి పెద్దలతో సరిచూసుకున్నాకనే మా ముత్తాత ఎవరో విడిపడింది. పేర్ల విషయంలో మన ఆచారం కూడా ఒక ఆధారమే. మన వైపు పెద్దకొడుకుకు తాత పేరు పెట్టడం వాడుక. మీ పెదనాన్నగారి పేరేమిటో, ఆ పేరు ఎవరిదని పెట్టారో మీ మేనత్తలను అడగండి. కోడలు మామగారి పేరు నోట పలకకపోవడం కూడా ఆ తరంలో ఉండేది. మీ నాయనమ్మగారు ఆ పేరు చెప్పకపోవడం మరచిపోవడం వల్ల కాకపోవచ్చు.

మూడవది, భూమి పంపకం అంటే లావణి ఒక్కటే కాదు. ఈ ప్రశ్న చదివే మిగిలినవారి కోసం చెబుతున్నాను. 1951 ఏప్రిల్ 18న మీ నల్లగొండ జిల్లా పోచంపల్లిలోనే దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావే ఎదుట నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. అటువంటి భూములలో దాత ఎవరు, గ్రహీత ఎవరు అన్న రెండు పేర్లూ వెతకాలి. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు, ఆ తరువాత ఆ కౌలుదారులకు యాజమాన్య హక్కు ఇచ్చిన 38-ఈ సర్టిఫికెట్లు ఉన్నాయి. సొంత పట్టా లేని సాగుదారు కుటుంబాలు అక్కడ పేరుతో దొరుకుతాయి. ఇనాము రికార్డులలో, గ్రామసేవకు ఇచ్చిన నీరడి, బలూతా, సేత్‌సింధి ఇనాములు ఉన్న కుటుంబాలకు తమ పూర్వీకుల వృత్తి ఏమిటో కూడా తెలుస్తుంది.

నాకు బాగా ఉపయోగపడినవి భూగరిష్ఠ పరిమితి మిసిళ్లు. 1973 చట్టం 1975 జనవరి 1 నుంచి అమలైంది. పరిమితికి మించి భూమి ఉన్నవారు డిక్లరేషన్ ఇవ్వవలసి వచ్చింది. ఆ చట్టం భూమిని కుటుంబ యూనిట్ లెక్కన కొలిచింది కాబట్టి భార్య, మైనరు పిల్లలు ఎవరెవరన్నది చెప్పవలసి వచ్చేది. మేజరైన కొడుకు ఉంటే ఆ సంగతీ తేలేది. మిగులుగా తేలిన భూమిని పేదలకు పంచారు. మా అమ్మమ్మగారి తరఫువారికి అందిన రెండెకరాల మూలం అటువంటి మిసిల్లోనే దొరికింది. ఇచ్చినవారి కుటుంబమూ పుచ్చుకున్నవారి కుటుంబమూ ఒకే సర్వే నంబరు దగ్గర కలిసే రికార్డులు అవి.

ఒక లోటు కూడా చెప్పాలి. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో గ్రామ సంఘాలు పంచిన భూములు సర్కారు లెక్కల్లోకి పంపకంగా ఎక్కలేదు, వాటిలో చాలా భాగం 1948 సైనిక చర్య తరువాత మళ్లీ దొరల చేతికి పోయింది. మీ నల్లగొండలో అటువంటి కుటుంబాలు ఎన్నో ఉంటాయి. ఆ చరిత్ర కోసం పెద్దలనే అడగాలి, అదీ త్వరగా.

చివరగా ఒక సలహా. ఊరికి కొత్తవారు వచ్చి పహాణీ గురించి అడిగితే భూమికే ఎసరు పెట్టడానికి వచ్చారని అనుకుంటారు. నేను ఒక ఊరిలో కార్యాలయం నుంచి తెచ్చిన నకలును చేతిలో పట్టుకొని వెళ్లాను. గంటలో పాతికమంది మూగారు, ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. తరువాతిసారి మా నాన్నను వెంటబెట్టుకొని, కాగితం లేకుండా, ముందు చుట్టరికం కలుపుకొని మాట్లాడాను. ఆ రోజు నాలుగు తరాల పేర్లు చెప్పారు.

సమాధానం: ఉర్దూ దస్తావేజుల అనువాదకుడు

ఇద్దరు పెద్దలూ కార్యాలయాల దారి చెప్పారు. నేను మీ ఇనుప పెట్టె దగ్గరికే మళ్లీ వెళ్లమని అంటాను. చదివిన పెద్దమనిషి సర్వే నంబరు, విస్తీర్ణం చెప్పి ఆపారంటే, ఆయన చూసింది భూమికి సంబంధించినంత వరకే. మనిషిని గుర్తించే వరుసను ఆయన వదిలేసి ఉండవచ్చు. నిజాం కాలపు ఉర్దూ కాగితాలలో మనిషి పేరు ఒంటరిగా రావడం అరుదు.

పేరు తరువాత "వల్ద్" అని ఉంటే దాని వెనుక వచ్చేది తండ్రి పేరు. ఆడవారైతే "జౌజె" అని భర్త పేరు, భర్త పోయినవారైతే "బేవా" అని ఉంటుంది. ఆ తరువాత "సాకిన్" అనే మాట కోసం చూడండి. ఫలానా ఊరి నివాసి అని దాని అర్థం. దాని వెంటనే "హాల్ ముఖీం" అని ఇంకొక ఊరి పేరు ఉంటే, ప్రస్తుతం అక్కడ ఉంటున్నాడని అర్థం. వలస వచ్చినవారి విషయంలో ఈ రెండు మాటలూ కలిసి వస్తాయి, మొదటి ఊరు సొంత ఊరు, రెండవది వచ్చి చేరిన ఊరు. భూమి ఉన్న గ్రామం పేరు వీటికి వేరుగా, "మౌజా" అనే మాటతో వస్తుంది. ఈ మూడింటినీ ఒకటిగా చదివితే ఊరి పేరంతా మీ ఇప్పటి ఊరే అనిపిస్తుంది.

చేతిరాత ఉర్దూలో చుక్కలు తరచుగా వదిలేస్తారు. తెలుగు పేర్లలోని ణ, ళ అక్షరాలు ఉర్దూలో సరిగా ఇమడవు కాబట్టి ఒకే పేరును రెండు మూడు రకాలుగా చదవవచ్చు. అందుకని ఒకరిచేతనే కాకుండా ఇద్దరిచేత, ఒకరి పాఠం మరొకరికి చూపకుండా చదివించండి. కాగితాన్ని మడత విప్పి, తడి తగలనివ్వకుండా, వెలుతురు పక్క నుంచి పడేటట్లు ఫోటో తీయండి. ప్లాస్టిక్ అతికించవద్దు, నేను చూసిన పట్టాలలో చాలావరకు చెడిపోయింది దానివల్లే. ఫోటోను ఇక్కడ అందరికీ కనబడేటట్లు పెట్టకండి, అందులో సర్వే నంబరు ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: దేవరకొండ ఆడపడుచు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. చెప్పినట్లే ఇద్దరిచేత విడివిడిగా చదివించాను. పేర్లు ఇక్కడ రాయడం లేదు కానీ, ఇద్దరూ చదివినది ఒక్కటే. తాత పేరు, వల్ద్ ఫలానా, సాకిన్ ఉప్పునుంతల, హాల్ ముఖీం మా ఊరు. డిండి వాగు అవతల ఉన్నది ఆ ఊరే. డెబ్బై ఏళ్లుగా మా ఇంట్లోనే ఉన్న కాగితంలో, మేము షరతులనుకున్న వరుసలో ఆ మాట ఉంది.

తండ్రి పేరుగా ఉన్నది మా పెదనాన్న పేరే. పంతులు గారు అడగమన్న మాటను మేనత్తను అడిగాను. నాయనమ్మ తన పెద్దకొడుకును బతికున్నన్నాళ్లూ ఏనాడూ పేరు పెట్టి పిలవలేదని, చిన్నప్పటి నుంచి "మా అయ్య" అనే పిలిచేదని ఆమె చెప్పింది. ముద్దుగా అలా అనేదని మేమందరం అనుకున్నాం. మామగారి పేరు నోట రాకూడదని అలా పిలిచిందని ఇప్పుడు అర్థమైంది.

లావణి మిసిలు కోసం అర్జీ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. ఉప్పునుంతల ఖాస్రా పహాణీలో అదే పేరుతో శిక్మీదారు ఎవరైనా ఉన్నారా అని చూడాలనుకుంటున్నాను; ముత్తాతకు అన్నదమ్ములు అక్కడే ఉండిపోయి ఉంటే ఆ గడిలో దొరకవచ్చు కదా, గిర్దావరు గారూ?

సమాధానం: విశ్రాంత గిర్దావరు

దొరకవచ్చు అమ్మా. శిక్మీ గడితో ఆపకుండా పట్టాదారు, కబ్జాదారు గడులు కూడా ఊరంతటికీ మొదటి నంబరు నుంచి చివరి వరకు చూడండి. తండ్రి పేరు గడిలో ఉండవలసిన మీ ముత్తాత తండ్రి పేరు మీకింకా తెలియదు కాబట్టి, దొరికిన ప్రతి పేరునూ విడిగా రాసి పెట్టుకోండి. ఊరికి వెళ్లేటప్పుడు పంతులు గారు చెప్పినట్లు కాగితాలు సంచీలోనే ఉంచి, మీ పెదనాన్నగారిని వెంట తీసుకొని వెళ్లండి. ఆయన పేరు చెబితేనే అక్కడి పెద్దలలో ఎవరో ఒకరికి గుర్తుకు రావచ్చు.